ల్యాప్‌టాప్ మనది, తాళం మాత్రం అంగడాయన దగ్గర

పోస్టు పొడుగైంది, తీరిగ్గా చదవండి. కోపంతో మొదలుపెట్టినా. రెండుసార్లు తుడిచేసి మళ్లీ రాసినా కాబట్టి కోపం కొంచెం తగ్గింది.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు, "అన్నా, ఆఫీసు సాఫ్ట్‌వేర్ యాక్టివేషన్ అడుగుతాంది, ఎవరి దగ్గరైనా క్రాక్ ఉందా" అని. పది నిమిషాల్లో మూడు లింకులు వచ్చినాయి. కాసేపటికి నాలుగోది, ఒక డ్రైవ్ ఫోల్డరు. దాని కింద అన్నీ లైకులే. అడిగిన తమ్ముడిని నేను తప్పు పట్టను. లింకు పెట్టినోళ్లు కూడా సాయం చేద్దామనే పెట్టినారు. కానీ అట్లాంటి లింకుతోనే పోయిన ఏడాది ధర్మవరంలో డిప్లొమా చదివే మన చెల్లెలు ఒకామెకు ఏమైందో ఇక్కడ చాలామందికి తెలియదు. సిగ్గుపడి ఆమె చెప్పుకోలేదు. ఇప్పుడు ఆమెను అడిగి, పేరు లేకుండా చెప్తున్నా.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం ఆమెకు ఒక సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. ఎవరో పంపిన జిప్ ఫైలు తెరిచింది. అందులోనే రాసి ఉంది, ముందు యాంటీవైరస్ ఆపేయమని. ఆపింది. అరగంటలో ఫోటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు అన్నిటి పేర్ల చివర తెలియని నాలుగు అక్షరాలు అతుక్కున్నాయి. ఏదీ తెరుచుకోలేదు. ఫోల్డరు ఫోల్డరులో ఒక రీడ్‌మీ ఫైలు: 980 డాలర్లు కట్టు, మూడు రోజుల్లోపల కడితే సగం. స్టాప్ అనీ డీజేవీయూ అనీ పేర్లున్న రాన్సమ్‌వేర్ ఇది. ప్రపంచమంతా తిరిగింది, ఎక్కువగా ఇట్లాంటి క్రాకుల్లోనే దాక్కుని వస్తుంది. 980 డాలర్లంటే మన లెక్కలో 80 వేల పైమాటే. ఆ ల్యాప్‌టాప్ కొనింది 14 వేలకు, వాళ్ల నాయన బెంగళూరులో సెంట్రింగ్ పని చేసి కూడబెట్టిన డబ్బుతో.

కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ స్కాన్లు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ప్రాజెక్టు రిపోర్టు మళ్లీ రాసింది, నిద్ర లేకుండా. వాళ్ల అవ్వ ఫోటోలు మాత్రం రాలేదు. ఆ అవ్వ ఇప్పుడు లేదు.

తర్వాత జరిగిందే నాకు ఎక్కువ బాధ. ల్యాప్‌టాప్‌ను ఒక అంగడికి తీసుకుపోయింది. ఆయన 600 తీసుకుని, అంతా తుడిచి, మళ్లీ ఇంకో క్రాక్ విండోస్ ఎక్కించి ఇచ్చినాడు. అంటే దొంగ వచ్చిన తలుపుకు మళ్లీ అదే తాళం. ఆయనను అంటే ఏం లాభం, అందరూ అడిగేది అదే.

నా మాట ఒకటే. మన ల్యాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, అది యాడి నుంచి వచ్చింది, దానికి పూచీ ఎవరు, ఈ మూడూ మనమే చెప్పగలగాలి. అంగడాయనను అడక్కుండా. దీనికి లినక్స్ వేసుకుని, దాంట్లో ప్యాకేజీ మేనేజర్‌ను సరిగ్గా నేర్చుకోవడం కంటే చవకైన దారి నాకు కనబడలేదు. లినక్స్ వేసుకోండి అని ఊరికే చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వేసుకున్న వారానికి ఏదో ఎర్రర్ వచ్చి మళ్లీ అంగడికి పోయినోళ్లు కూడా ఉన్నారు. అందుకే నేను చెప్పేది ఆ రెండో సగం గురించి.

ఇప్పుడే ఎందుకంటే, విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినాయి. ఏడాది పొడిగింపు ఏదో పెట్టినారు గానీ అది ఏడాదే. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు, కొత్త ప్రాసెసరు ఉండాలంటారు. మనోళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డులో తెచ్చుకునే పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ లెక్కలో లేవు. ఇనుము బాగానే ఉంటుంది, నాలుగు జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇంకో నాలుగేండ్లు పని చేస్తుంది. దానికి లినక్స్ మింట్ గానీ డెబియన్ గానీ సరిపోతుంది.

సరే, ప్యాకేజీ మేనేజర్ అంటే ఏందప్పా? విండోస్‌లో మనం ఏం చేస్తాం, గూగుల్‌లో వెతికి, ఏదో సైటులో ఆకుపచ్చ డౌన్‌లోడ్ బొమ్మ నొక్కి (నాలుగు ఉంటాయి, మూడు దొంగవి), సెటప్ ఫైలు నడుపుతాం. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో చోటి నుంచి. లినక్స్‌లో అట్ల కాదు. రిపాజిటరీ అని ఒక పెద్ద గోదాము ఉంటుంది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 గోదాములో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. ప్రతిదానికీ చూసుకునే మనిషో బృందమో ఉంటారు. ఆ గోదాము నుంచి సరుకు తెచ్చి, విప్పి, ఎక్కడివి అక్కడ సర్ది, లెక్క రాసుకునే గుమాస్తా పేరు ఆప్ట్. అతని కింద మూటలు విప్పే కూలీ పేరు డీపీకేజీ. ఉబుంటు, మింట్, మన దేశంలో సీడాక్ వాళ్లు చేసిన బాస్ లినక్స్, అన్నీ డెబియన్ కుటుంబమే కాబట్టి ఒకచోట నేర్చుకుంటే అన్నిచోట్లా పనికొస్తుంది. (డెబియన్‌ను 1993లో మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తన ప్రియురాలు డెబ్రా పేరు ముందు, తన పేరు వెనక పెట్టి ఆ పేరు చేసినాడు. ఊరికే చెప్పినా.)

డిపెండెన్సీ అనే మాట దగ్గర చాలామంది భయపడతారు. మన తాండాలో పుట్టినోళ్లకు అది కొత్తది కాదు. బెంగళూరు కాంట్రాక్టరు మన మేస్త్రీకి ఫోన్ చేసి తాపీ పని ఆయన ఒకడు కావాలి అంటాడు. మేస్త్రీకి తెలుసు, ఆ తాపీ ఆయన పోతే చేతి కింద ఇద్దరు పోవాలి, సిమెంటు కలిపేవాళ్లు పోవాలి. అడక్కుండానే అందరినీ బండి ఎక్కిస్తాడు. ఎవరు స్వయంగా పిలిస్తే పోయినారు, ఎవరు వెంట పోయినారు అని గుర్తు పెట్టుకుంటాడు. తాపీ ఆయన పని మానేసి ఊరికొస్తే, వెంట పోయిన వాళ్లకు అక్కడ పని లేదు కాబట్టి వాళ్లనూ రమ్మంటాడు. ఆప్ట్‌లో ఆటోరిమూవ్ అనేది ఇదే. ఆప్ట్ మంచి మేస్త్రీ. అడ్వాన్సు మాత్రం అడగడు.

ధర్మవరం పిల్లలకు ఇంకో మాట చెప్తే వెర్షన్ గొడవ కూడా అర్థమవుతుంది. 240 హుక్కుల జకార్డు కోసం పంచింగ్ కొట్టిన అట్టలు తెచ్చి 120 హుక్కుల పెట్టె మీద ఎక్కించగలరా? డిజైన్ ఎంత బాగున్నా చీర రాదు. కొత్త ఉబుంటు కోసం తయారైన డెబ్ ఫైలును పాత ఉబుంటు మీద ఎక్కిస్తే అదే జరుగుతుంది, లిబ్‌సి కొత్తది కావాలి అని మొరాయిస్తుంది. అప్పుడు బలవంతం చేయకూడదు. మీ మగ్గానికి సరిపోయే అట్టలు మీ వెర్షన్ గోదాములోనే ఉంటాయి, అక్కడ వెతకండి. ఆ జకార్డు అట్టల నుంచే కంప్యూటర్ పంచ్ కార్డుల ఆలోచన వచ్చిందని పుస్తకాల్లో చదువుకుంటాం. ధర్మవరం వీధుల్లో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలు టెర్మినల్ చూసి భయపడడం నాకు వింతగా ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాల. లేకపోతే నీతులు చెప్పినట్టు ఉంటుంది.

డిగ్రీ మూడో ఏడు, హిందూపురంలో రూములో ఉంటున్నా. ప్రాజెక్టు రెండు రోజుల్లో చూపించాల. కొత్త పైథాన్ కావాల్సి వచ్చింది. యూట్యూబులో ఒకాయన చెప్పినాడు, ముందు పాతది తీసేయండి, తర్వాత కొత్తది వేయండి అని. విండోస్ అలవాటు కదా, నాకూ సబబే అనిపించింది. సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3 అని కొట్టినా. (కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాల.) స్క్రీను నిండా పేర్లు వచ్చినాయి. "ఇవన్నీ తీసేస్తా, వై నొక్కాలా, ఎన్ నొక్కాలా" అని అడిగింది. చదవలేదు. వై నొక్కినా.

ఉబుంటులో సగం పనిముట్లు పైథాన్3 మీద ఆధారపడి ఉంటాయి. మేస్త్రీనే తీసేస్తే బండిలో ఉన్నోళ్లంతా దిగిపోయినట్టు, సెట్టింగ్స్ పోయినాయి, అప్‌డేట్ మేనేజర్ పోయింది, డెస్క్‌టాపే పోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల స్క్రీను, లాగిన్ అని తెల్ల అక్షరాలు. రాత్రి పదకొండు. నా రూమ్మేట్ "అంతా పోయిందిరా, పొద్దున అంగడికి పోదాం పా" అన్నాడు. నేను ఏడ్చినంత పని చేసినా.

పోలేదు. లినక్స్‌లో నాకు నచ్చేది ఇదే, గుమాస్తా లెక్క రాసి పెట్టి ఉంటాడు. లాగ్ ఫోల్డరులో ఆప్ట్ అనే ఫోల్డరు, దాంట్లో హిస్టరీ అనే ఫైలు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ కమాండు కొట్టినావు, ఏమేం తీసినా, ఏమేం వేసినా, అంతా ఉంటుంది. బెంగళూరులో పని చేసే ఒక అన్నకు ఫోన్ చేస్తే ఆయన తిట్టకుండా ఆ ఫైలు చదివించినాడు. నెట్‌వర్క్ చూసుకునే ప్యాకేజీ అదృష్టం బాగుండి పోలేదు. ఫోను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చేసినా, నెట్ వచ్చింది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్. ఆ రోజు డేటా అయిపోతే రూమ్మేట్ ఫోన్ కలిపినాం. తెల్లవారుజామున మూడింటికి డెస్క్‌టాప్ వచ్చింది. ప్రాజెక్టు ఫైళ్లు ఒక్కటి కూడా పోలేదు, ఎందుకంటే ప్యాకేజీ మేనేజర్ మన హోమ్ ఫోల్డరు జోలికి రాదు.

ఇట్ల చేసింది నేనొక్కడినే కాదు. 2021 నవంబరులో లక్షల మంది చూసే యూట్యూబు ఛానెల్ నడిపే లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేముల సాఫ్ట్‌వేర్ వేయబోయి ఇదే పని చేసినాడు. అప్పుడు ఆ ప్యాకేజీలో లోపం ఉండింది నిజమే. అయినా ఆప్ట్ హెచ్చరించింది, ఇది ప్రమాదం, నిజంగా కావాలంటే "అవును, నేను చెప్పినట్టే చెయ్యి" అని పూర్తి వాక్యం టైపు చేయమంది. ఆయన టైపు చేసినాడు. డెస్క్‌టాప్ పోయింది. కంప్యూటర్లే బతుకుతెరువైన ఆయనే చదవకపోతే మనమెంత!

కాబట్టి నేను జూనియర్లకు మొదట నేర్పేది ఇన్‌స్టాల్ కమాండు కాదు. వై నొక్కే ముందు ఆ జాబితా చదవడం. కొత్తగా వచ్చేవి ఎన్ని, తీసేసేవి ఎన్ని, ఎంత డేటా అవుతుంది, అన్నీ అక్కడే ఉంటాయి. ఒక చిన్నది వేయబోతే తీసేసే లెక్కలో ఇరవై పేర్లు కనబడితే ఎన్ నొక్కి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఇంకా అనుమానం ఉంటే ఆప్ట్ తర్వాత అడ్డగీత, ఎస్ అని పెట్టి కొట్టండి. అది నిజంగా చేయదు, చేస్తే ఏమవుతుందో మాత్రం చూపిస్తుంది. ఆప్ట్ పాలసీ అని కొట్టి ప్యాకేజీ పేరు ఇస్తే అది ఏ గోదాము నుంచి వచ్చిందో చెప్తుంది. ఇందాక అడిగిన మూడు ప్రశ్నల్లో రెండోదానికి జవాబు ఇదే.

తాండాలో కరెంటు పోతే? పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలవదు, అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతుంది. భయపడొద్దు. సుడో డీపీకేజీ, రెండు అడ్డగీతలు కాన్ఫిగర్, ఒక అడ్డగీత ఏ. సగంలో ఆగిన మూటలన్నీ విప్పడం పూర్తి చేస్తుంది. తర్వాత సుడో ఆప్ట్, రెండు అడ్డగీతలు ఫిక్స్-బ్రోకెన్, ఇన్‌స్టాల్. పదిలో తొమ్మిది సార్లు ఈ రెండుతోనే లేస్తుంది. ఇంకొకటి, తాళం దొరకలేదు అనే ఎర్రర్. లాక్ ఫైలు డిలీట్ చేయమని నెట్‌లో సలహాలు ఉంటాయి, చేయొద్దు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటుంది, అంతే. పది నిమిషాలు ఆగండి, టీ తాగి రండి.

డేటా సంగతికి వస్తే, ఇక్కడ నాకు ఉబుంటు మీద కొంచెం గుర్రు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద బతికే హాస్టలు పిల్లలం మనం. ఉబుంటులో స్నాప్ అనే ఇంకో పద్ధతి పెట్టినారు. 22.04 నుంచి ఫైర్‌ఫాక్సు కూడా స్నాపే, ఆప్ట్‌తో అడిగినా స్నాపే వస్తుంది. అది రోజుకు నాలుగుసార్లు తనంతట తాను అప్‌డేట్లు చూసుకుంటుంది, ఉంటే దించేసుకుంటుంది. వైఫై ఉన్న పట్నం వాళ్లకు అది మంచిదే. హాట్‌స్పాట్ మీద ఆన్‌లైను క్లాసు వింటున్న మన పిల్లకు కాదు. సుడో స్నాప్ రిఫ్రెష్, రెండు అడ్డగీతలు హోల్డ్ అని కొడితే ఆగుతుంది. కానీ భద్రత అప్‌డేట్లు కూడా ఆగుతాయి, నెలకోసారి గుర్తు పెట్టుకుని తీయాల. అందుకే నేను మింట్ అంటాను. 2020లో వచ్చిన మింట్ 20 నుంచి వాళ్లు స్నాప్‌ను ముందుగానే ఆపి పెట్టినారు. కొందరు అన్నలు దీనికి ఒప్పుకోరు, తెలుసు. కామెంట్లలో మాట్లాడుకుందాం.

"లినక్సు నేర్చుకుంటే ఉద్యోగం వస్తాదా? ఇక్కడ కియా పక్కన కంపెనీల్లో ఆటోక్యాడ్ అడుగుతారు, అకౌంట్సు అయితే ట్యాలీ అడుగుతారు" అని పెనుకొండలో ఒక అన్న నాతో గట్టిగానే వాదించినాడు. ఆయన చెప్పింది నిజమే. ఆటోక్యాడ్ లినక్సులో నడవదు. మెకానికల్ వాళ్లు, బీకాం వాళ్లు కాలేజీ ల్యాబులో విండోసు మీద నేర్చుకోవాల్సిందే. ఆటోడెస్క్ వాళ్లు విద్యార్థులకు చదువు లైసెన్సు ఉచితంగా ఇస్తారు, క్రాక్ అక్కరలేదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్లకు కూడా విండోసే కావాల. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ పెట్టుకోవచ్చు. నేను విండోసును ఊరు దాటించమని చెప్పడం లేదు. దొంగ విండోసు మీద దొంగ ఆఫీసు, దాని మీద దొంగ ఫోటోషాప్ పెట్టి, ఆ మెషీన్లోనే బ్యాంకు ఓటీపీ కొట్టొద్దంటున్నా. ఇంజినీరింగు, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాళ్లకైతే ఇంకో మాట: సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తాయి. ఇంటర్వ్యూలో ప్యాకేజీ డిపెండెన్సీ గురించి అడిగితే మేస్త్రీ కథ చెప్పండి, నవ్వుతారు, గుర్తు పెట్టుకుంటారు.

మూడో ప్రశ్న మిగిలింది, పూచీ ఎవరు అని. గోదాములోని జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ జాబితాలో ప్రతి ప్యాకేజీకి వేలిముద్ర లాంటి సంఖ్య ఉంటుంది. ఆప్ట్ దించుకున్న ప్రతిదాన్నీ దాంతో సరిచూస్తుంది. మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా పట్టుకుంటుంది. కానీ ఎవరో వాట్సాప్‌లో పంపిన డెబ్ ఫైలును నేరుగా డీపీకేజీతో ఎక్కిస్తే ఆ సంతకం చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అప్పుడు మీరు మళ్లీ క్రాకు కాలానికి పోయినట్టే, లినక్సు వేసుకున్నా.

లినక్స్‌లో అంతా సురక్షితం అని కూడా నేను చెప్పను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీలో దొంగదారి బయటపడింది. దాన్ని చూసుకునే వాళ్లలో ఒకడిగా నమ్మకం సంపాదించుకున్న మనిషే పెట్టినాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని అనుమానం వచ్చి తవ్వితే దొరికింది. అప్పటికి అది డెబియన్ పరీక్ష వెర్షన్లకు చేరింది గానీ స్టేబుల్‌కు రాలేదు. అందుకే స్టేబుల్ వేసుకోండి, కొత్తదనం కోసం తొందరపడొద్దు అంటాను. సంతకం ఉన్నా ఎవరో ఒకరు కాపలా ఉండాల. అక్కడ ఆ ఒకరు ఉన్నారు, జిప్ ఫైలు వెనకాల ఎవరున్నారు?

భాష గురించి కూడా ఒక ముక్క. హైదరాబాదు స్వేచ్ఛ వాళ్లు తెలుగు మెనూలతో గ్నూ లినక్స్ తేవడానికి ఏండ్ల తరబడి పని చేసినారు. మంచి పని. కానీ నేను చూసినంతలో మన పిల్లలు ఆగిపోయేది మెనూ దగ్గర కాదు, ఎర్రర్ మెసేజీ దగ్గర. అది ఇంగ్లీషులో వస్తుంది, నాలుగు లైన్లు ఉంటుంది, ముందే భయం. పక్కన కూర్చుని "మూడో లైను చదువు, అక్కడ పేరుంది చూడు" అని చెప్పే మనిషి కావాల. ఇక తెలుగు టైపింగు కావాలంటే ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ, ఫాంట్లకు ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ. రెండోది వేస్తే పోతన, వేమన, లోహిత్ ఫాంట్లన్నీ వెంట వస్తాయి. నేను ఈ పోస్టు టైపు చేసింది దాంతోనే. మన గోర్ బోలీకి లిపి లేదు, తెలుగులో రాసుకుంటాం. అంతర్జాతీయ భాషల పట్టికలో మాత్రం దానికి ఎల్ఎంఎన్ అని కోడ్ ఉంది. ఎవరైనా కూర్చుని పదాల పట్టిక చేస్తే దాన్ని ప్యాకేజీగా కట్టొచ్చు, కొనక్కరలేదు, ఏ కంపెనీని బతిమాలక్కరలేదు. అది ఇంకో రోజు పోస్టు.

కేరళలో ప్రభుత్వ బడులకు కైట్ సంస్థ వాళ్లు ఉబుంటు మీద సొంతంగా సర్ది ఇచ్చిన లినక్సు నడుస్తుంది. పిల్లలు దాంట్లోనే నేర్చుకుంటారు. 2023లో డెబియన్ వాళ్ల ప్రపంచ సమావేశం కొచ్చిలోనే జరిగింది. మనకు అట్ల ప్రభుత్వం సర్ది ఇచ్చేదాకా కూర్చోవాలా? మన చేతిలో ఉన్నంత మనం చేయొచ్చు. అందుకే ఈ ప్రతిపాదన.

ఆప్ట్-ఆఫ్‌లైన్ అని ఒకటుంది. రాసింది మన దేశపు డెబియన్ డెవలపర్ రితేష్ రాజ్ సరాఫ్. నెట్ లేని ల్యాప్‌టాప్‌లో దాన్ని నడిపితే ఏమేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసి పెన్‌డ్రైవులో పెడుతుంది. ఆ పెన్‌డ్రైవు నెట్ ఉన్న ఇంకో కంప్యూటరుకు పోతుంది, అది విండోసు అయినా ఫరవాలేదు. అక్కడ అన్నీ దించుకుని తిరిగి వస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోవచ్చు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు లైను మీద ఉన్నాయి. మనోళ్లు ఎవరో ఒకరు రోజూ ఆ లైను మీద తిరుగుతూనే ఉంటారు. ఇన్నాళ్లూ ఆ పెన్‌డ్రైవుల్లో సినిమాలు, క్రాకులు తిరిగినాయి.

ఇంకా పది మంది ఒకే రూములో, ఒకే హాస్టల్లో ఉంటే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టుకోవచ్చు. ఒక పాత కంప్యూటరు మీద అది నడుస్తుంది. మొదటి పిల్లవాడు 500 ఎంబీ దించుకుంటే అది అక్కడే దాచిపెడుతుంది, మిగతా తొమ్మిది మందికి అక్కడి నుంచే ఇస్తుంది. ఐదు జీబీ అయ్యే చోట అర జీబీ. కానీ ఒక షరతు, పది మందీ ఒకే వెర్షను వేసుకోవాల. ఒకడు ఉబుంటు, ఒకడు ఫెడోరా, ఒకడు ఆర్చ్ అంటే కుదరదు. ఇక్కడ కొంచెం అహం తగ్గించుకుందాం. ఓటు పెడతా, ఏది గెలిస్తే అది, నా మింట్ ఓడిపోయినా సరే.

కావాల్సినవి చెప్తున్నా. హిందూపురంలో బ్రాడ్‌బ్యాండు ఉన్న ఇల్లు ఒకటి, రాత్రిపూట డౌన్‌లోడుకు పెట్టనిస్తే చాలు. నా దగ్గర 500 జీబీ పాత హార్డు డిస్కు ఉంది, ఇంకో రెండు కావాల. ఎవరి దగ్గరైనా మూలన పడి ఉంటే కామెంటులో చెప్పండి, ఎంత పాతదైనా ముందు చెక్ చేసి తీసుకుంటా. పెనుకొండ నేను చూసుకుంటా, ఆదివారాలు ఇంట్లోనే ఉంటా, ఎర్రర్లు పట్టుకుని రండి. టీ మా అమ్మ పెడుతుంది. ధర్మవరం ఎవరు అని ఆలోచిస్తుంటే ఆ చెల్లెలే ఫోన్ చేసింది. అంగడిలో ఎక్కించినదాన్ని తుడిచేసి మింట్ వేసుకుని రెండు నెలలైందంట, నాకే చెప్పలేదు. "ధర్మవరం నాకు వదిలేయన్నా, పెన్‌డ్రైవు పంపు" అనింది.

అడ్మిన్ అన్నా, పైన ఆ నాలుగు లింకులు ఇంకా ఉన్నాయి. ఈ రాత్రికే తీసేయండి. అడిగిన తమ్ముడికి లిబ్రెఆఫీసు ఎట్ల వేసుకోవాలో నేను విడిగా మెసేజ్ పెట్టినా.